ఆనందబాబు గారి డూప్లికేటు తాడు

ఆ శనివారం పొద్దున ఆనందబాబు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీ తినాలి. పన్నెండింటికి ఆటో మాట్లాడుకుని భార్యనీ కూతుర్నీ తీసుకుని మైపాడు తీరానికి వెళ్ళాలి. మూడింటికి ఆఫీసరుగారి ముందు కూతురు సముద్రం మీద చేసి చూపించేది చూడాలి. సాయంత్రం ఇందుకూరుపేటలో ఇంటికొచ్చి చేపల పులుసుతో అన్నం తినాలి. ఇందులో తాడు ప్రస్తావన ఎక్కడా లేదు. తాడు మాట ఎత్తవద్దని కూతురు గట్టిగా చెప్పింది కాబట్టి, ఆయన మాట ఎత్తకుండా తాడును మాత్రం సంచిలో పెట్టాడు.

ఆయన తత్వం కొంచెం చెప్పకపోతే ఈ కథ నడవదు. ముప్పై నాలుగేళ్ళు తపాలా కొలువు చేసి పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. జనం రాసుకోవడానికి కౌంటరు మీద పెట్టే పెన్నుకు దారం కట్టి, ఆ దారాన్ని మేకుకు బిగించడం తన జీవితంలో పెద్ద ఘనకార్యమని ఆయన నమ్మకం. "ముప్పై నాలుగేళ్ళల్లో ఒక్క పెన్ను పోలా" అని పెళ్ళిళ్ళలోనూ చెబుతాడు, చావుల్లోనూ చెబుతాడు. రిటైరయ్యాక ఆ దారం ఇంటికి వచ్చింది. టీవీ రిమోటుకు దారం, గ్యాసు లైటరుకు దారం, గొడుగుకు దారం. స్నానాల గదిలో చెంబుకు కూడా దారమే. అది కాస్త పొట్టిది కావడంతో ఆయన భార్య ఎస్తేరమ్మ రెండేళ్ళుగా నడుం వంచి స్నానం చేస్తోంది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు అబిగయీలు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. రామేశ్వరం వైపు వెళ్ళి కైట్ సర్ఫింగ్ నేర్చుకుని, ఏడాది పాటు అక్కడే నేర్పించింది కూడా. మంచమంత గాలిపటాన్ని నడుం బెల్టుకు తగిలించుకుని, కాళ్ళ కింద ఒక బోర్డు పెట్టుకుని, గాలి లాగుతుంటే నీళ్ళ మీద దూసుకుపోయే ఆట అది. "గాలిపటం ఎగరేసేదానికి రామేశ్వరం పోవాల్నా?" అని వీధిలో అందరూ నవ్వారు. ఆ పిల్ల పట్టించుకోలేదు. ఇప్పుడు మైపాడులోనే ఒక చిన్న శిక్షణ కేంద్రం పెట్టుకుంటానని పర్యాటక శాఖకు అర్జీ పెట్టింది. ఆ రోజు ఆఫీసరు చూసి సరేనంటే కూతురు ఇంట్లోనే ఉండి పని చేసుకుంటుంది. కాదంటే సోమవారం రైలెక్కి మళ్ళీ రామేశ్వరం పోతుంది. ఆ రైలు తలపుకు వచ్చినప్పుడల్లా ఆనందబాబుకు ఇడ్లీ గొంతు దిగడం లేదు.

ఆయన అటు ఇడ్లీతో కుస్తీ పడుతుంటే ఇటు అబిగయీలు బోర్డు సంచి విప్పింది.

"నాన్నా, ఇదేంది?"

"ఏదమ్మా?"

"సైకిలు ట్యూబు. కొసన కుక్కగొలుసు కొక్కెం కూడా ఉండాది."

ఆనందబాబు చట్నీ వైపు చూశాడు. చట్నీ ఏ సాయమూ చెయ్యలేదు. "తాడు గాదమ్మా, ట్యూబే. నువ్వు పడినావనుకో, బోర్డు కొట్టుకోని పోతాది. నీకు కట్టి ఉంటే యాడికీ పోదు గదా."

"అదే నాన్నా ప్రమాదం! ఎన్నిసార్లు చెప్పాల? నేను పడినా గాలిపటం నన్ను లాగతానే ఉంటాది. బోర్డేమో నీళ్ళల్లో ఇరుక్కోని ఆగిపోతాది. మధ్యలో తాడు సాగతాది, సాగతాది, సాగతాది. ఒక్కసారిగా బోర్డు ఊడొచ్చిందంటే ఉండేలు దెబ్బే. నేరుగా నా తలకాయకే. మా సారుకు ఇక్కడ ఏడు కుట్లు" అని చెవి వెనక వేలు పెట్టి చూపించింది.

"మరి కట్టకపోతే బోర్డు పోతాది గదా?"

"యాడికి పోతాది? నీళ్ళ మీద తేలతా ఉంటాది. గాలిపటం లాగతా ఉంటే నీళ్ళల్లో పండుకోని, అటొకసారి ఇటొకసారి మళ్ళుకుంటా దాని దగ్గిరికి పోయి తెచ్చుకుంటా. మేము మొట్టమొదట నేర్చుకునేదే అది."

"ముప్పై నాలుగేళ్ళల్లో ఒక్క పెన్నన్నా తిరిగొచ్చి ఎవురి తలకాయన్నా పగలగొట్టిందా?"

"పెన్నుకు ఎవురూ గాలిపటం కట్టలేదు నాన్నా!"

ఆ ట్యూబును పెరట్లోకి విసిరేసి ఆ పిల్ల స్నానానికి పోయింది. వాదన అంతటితో ముగిసిందనుకుంది. కన్నతండ్రిని ఇరవై ఆరేళ్ళుగా చూస్తూ కూడా ఆ మాట ఎలా అనుకుందో మరి. తపాలా కొలువు చేసినవాడు డూప్లికేటు లేకుండా ఏ పనీ చెయ్యడు. రెండో ట్యూబు అప్పటికే పెరుగన్నం క్యారేజీ అడుగున చుట్టగా పడుకుని ఉంది.

అది ఎస్తేరమ్మ కంట పడింది. "మళ్ళీ ఏందయ్యా అది? పాపకు తెలిస్తే నిన్ను ఇంట్లోకి రానీదు."

ఆనందబాబుకు అబద్ధమాడటం చేతకాదు. చేతకానివాడు ఆడే అబద్ధం అన్నిటికన్నా ప్రమాదకరం. "ఇది పాపకు గాదు ఎస్తేరూ. ఇది... ఆఫీసరుగారికి. సేఫ్టీ. పెద్దమనిషి నీళ్ళ పక్కన నిలబడతాడు గదా. వెనక నుంచి తగిలిస్తే జారిపోడు."

"అయ్యో, ఎంత మంచి ఆలోచన!" అని ఆమె నిజంగానే మురిసిపోయి క్యారేజీ మూత పెట్టేసింది.

మధ్యాహ్నం రెండు దాటాక మైపాడులో గాలి లేచింది. సముద్రం మీది నుంచి ఏటవాలుగా ఒడ్డుకు కొడుతోంది. అబిగయీలు ముఖం వెలిగిపోయింది. మునెయ్య అనే పడవ మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. ఏదైనా జరిగితే పడవ తీసుకుపోవడం, అంతకు ముందు ఇసుక మీద గాలిపటాన్ని నిలబెట్టి రెండు చేతులతో పట్టుకోవడం అతని పని. "నేను బొటనవేలు ఎత్తితేనే వదలాల మునెయ్యన్నా" అని ఆ పిల్ల నేర్పింది. గాలి పోయే వైపు, ఊరి దిక్కున దూరంగా, అతను గాలిపటం పట్టుకుని నిలబడ్డాడు.

ఆఫీసరు పద్మనాభయ్య సరిగ్గా మూడింటికి జీపు దిగాడు. సంగం దగ్గర వరి పండించే కుటుంబంలో పుట్టినవాడు. నీళ్ళు పొలంలో చీలమండ దాకా ఉంటే ఆయనకు సంతోషం. అంతకు మించితే దూరం నుంచే నమస్కారం. చేతిలో ఒక కొబ్బరికాయ కూడా తెచ్చాడు. "కొత్త పని గదమ్మా. అంతా బాగుంటే చివర్లో కొడదాం" అని దాన్ని అక్కడున్న ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టాడు.

"సార్, నీళ్ళ దగ్గర నిలబడేవాళ్ళు జాకెట్టూ హెల్మెట్టూ పెట్టుకోవాల" అంది అబిగయీలు.

"పెట్టమ్మా, పెట్టు. అట్టనే ఒక ఫోటో తియ్యి. ఫైల్లో ఫోటో లేకపోతే నేను రానేలేదంటారు."

ఎర్ర జాకెట్టు, పసుపు హెల్మెట్టు పెట్టుకుని పద్మనాభయ్య ఫోటోకు నిలబడ్డాడు. నీళ్ళలో పడినవాణ్ణి పైకి లాగడానికి ఆ జాకెట్టు వీపున గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. అబిగయీలు నడుం బెల్టుకూ వెనక అలాంటి పట్టీయే ఉంది. ఈ పోలిక ఎవరూ గమనించలేదు. గమనించాల్సిన మనిషి క్యారేజీ విప్పుతున్నాడు.

ఇంతలో ఎస్తేరమ్మ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి గుట్టుగా చెప్పింది. "మీకేం భయం లేదు సార్. మా ఆయన మిమ్మల్ని వెనక నుంచి తగిలిస్తాడు."

"తగిలిస్తాడా?"

"సేఫ్టీ సార్. మీ కోసమని ప్రత్యేకంగా చేసినాడు."

పద్మనాభయ్యకు ఆ ఏర్పాటు నచ్చింది. జేబులో పుస్తకం తీసి 'సేఫ్టీ బాగుంది' అని రాసుకున్నాడు.

అబిగయీలు బెల్టుకు గాలిపటం తాళ్ళు తగిలించుకుని నీళ్ళ అంచున నిలబడింది. ఆ ఇంట్లో ఎవరు ఏ ప్రయాణం కట్టినా ముందు ప్రార్థన చెయ్యాలి. నెల్లూరు బజారుకు పోయినా చెయ్యాలి. కాబట్టి అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. మర్యాదస్తుడు కనక పద్మనాభయ్య కూడా మూసుకున్నాడు. ప్రార్థన చెప్పాల్సిన ఆనందబాబు కూతురి వెనకగా నిలబడ్డాడు. బోర్డు చంకలో ఉంది. దాని పిడికి కట్టిన ట్యూబు చుట్ట బోర్డు చాటున ఉంది. కొక్కెం కుడిచేతిలో ఉంది. ప్రార్థన అయిపోయేలోగా అది కూతురి బెల్టుకు పడాలి.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ గాలి కోసం స్తోత్రం. ఈ సముద్రం కోసం స్తోత్రం. ఈ బిడ్డకు నీ కాపుదల దయచెయ్యి. మా మధ్యకు వచ్చిన పద్మనాభయ్య గారిని కూడా దీవించు..."

తన పేరు వినబడగానే పద్మనాభయ్యకు భక్తి కలిగింది. దేవుడికి కాస్త దగ్గరగా ఉండాలనుకున్నాడో ఏమో, రెండడుగులు ముందుకు జరిగాడు. అదే సమయానికి తాళ్ళు సర్దుకుంటూ అబిగయీలు ఒక అడుగు పక్కకు జరిగింది. ఆనందబాబు చెయ్యి చాచాడు. కళ్ళు తెరిస్తే పని సులువే. కానీ ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడమన్నది అరవై రెండేళ్ళలో ఆయన ఎరగడు. కన్నకూతుర్ని మోసం చెయ్యడానికైనా సిద్ధపడ్డాడు గానీ కళ్ళు తెరవడానికి మనసొప్పలేదు. వేళ్ళకు ఒక పట్టీ తగిలింది. టక్కుమని కొక్కెం వేశాడు.

"...ఆమేన్" అన్నాడు తృప్తిగా.

వీపున ఆ టక్కు విని పద్మనాభయ్య కూడా తృప్తిగా తలూపాడు. చెప్పినట్టే తగిలించారు. మాటంటే మాటే.

ఈ మొత్తం వ్యవహారంలో కళ్ళు తెరిచి ఉన్నవాడు మునెయ్య ఒక్కడే. ఆఫీసరు వీపు నుంచి పోస్టుమాస్టరు చంకలోని బోర్డు దాకా నల్లగా వేలాడుతున్న ట్యూబును చూసి అతని గుండె ఝల్లుమంది. "సామీ! తాడు! ఆఫీసరుకు తాడు!" అని గొంతు చించుకున్నాడు. గాలి సముద్రం నుంచి ఊరి వైపు కొడుతుంటే ఆ అరుపు మైపాడు ఊళ్ళోకి పోయింది గానీ ఆనందబాబు దాకా రాలేదు. అరిస్తే లాభం లేదని అతను రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. రెండు చేతులతో గాలిపటం పట్టుకున్నవాడు రెండు చేతులూ ఎత్తితే ఏమవుతుందో అదే అయింది.

గాలిపటం బుస్సున లేచింది.

"అయ్యో, నేనింకా చెప్పందే!" అని అబిగయీలు చూపు పైకెత్తి దాన్ని అదుపు చేసుకుంది. ఇక ఆలస్యం చెయ్యడానికి లేదు. "నాన్నా, బోర్డు!" అంది. ఆనందబాబు పరుగున వెళ్ళి నురగలో కూతురి కాళ్ళ ముందు బోర్డు పెట్టాడు. ట్యూబు నురగలో మునిగిపోయింది. పైకి చూస్తూనే ఆ పిల్ల బోర్డు మీది పట్టీల్లో కాళ్ళు దూర్చింది, గాలిపటాన్ని ఒక్క వాలు వాల్చింది, సర్రున పోయింది.

రెండు క్షణాల తర్వాత పద్మనాభయ్య కూడా బయలుదేరాడు.

ముందు ఆ లాగుడు ఆయన్ని గిర్రున వెనక్కి తిప్పింది. తర్వాత ముఖం ఒడ్డు వైపు, నడక సముద్రం వైపు మొదలైంది. చీలమండ దాకా వచ్చేసరికి ఒక చెప్పు పోయింది. మోకాళ్ళ దాకా వచ్చేసరికి రెండోది పోయింది. ఆయన మాత్రం కంగారుపడలేదు. ఆఫీసరు కదా, పద్ధతి ప్రకారం జరుగుతోందనుకున్నాడు. "అమ్మా, ఇది ఎంత దూరం దాకుండాది?" అని ఎస్తేరమ్మను అడిగాడు, వెనక్కి నడుస్తూనే.

"భయపడబాకండి సార్! గట్టిగా తగిలించినాడు!" అని ఆమె ఒడ్డు నుంచి ధైర్యం చెప్పింది.

అప్పుడు చూశాడు ఆనందబాబు. కూతురి వీపు చూశాడు, ఖాళీగా ఉంది. ఆఫీసరు వీపు చూశాడు. ఒళ్ళంతా చెమట పట్టింది.  అంతలో ఒక అల వచ్చి పద్మనాభయ్యను నీళ్ళలో కూర్చోబెట్టింది. కూర్చున్న ఆఫీసరు బరువుకు ట్యూబు సాగింది, సాగింది, సాగింది. అబిగయీలు కాళ్ళ కింది నుంచి బోర్డు ఊడిపోయింది.

వచ్చింది బోర్డు. తేలుతూ రాలేదు. గాలిని కోసుకుంటూ వచ్చింది. కూర్చున్న పద్మనాభయ్య హెల్మెట్టు నెత్తిని గీరుకుంటూ దాటి, ఒడ్డున స్టూలు మీదున్న కొబ్బరికాయకు తగిలింది. కాయ ఫెడేలున రెండు చెక్కలైంది. ఆ నీళ్ళు ఆనందబాబు ముఖాన పడ్డాయి.

ఆయన ముఖం తుడుచుకోలేదు. ఆ చెక్కల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆఫీసరు తన దారిన నిలబడి ఉంటే, ఆ కొక్కెం తను అనుకున్న చోటే పడి ఉంటే, ఆ దెబ్బ ఎవరికి తగిలేదో ఆయనకు ఇప్పుడు అర్థమైంది. పొద్దున కూతురు చెవి వెనక వేలు పెట్టి చూపించిన చోటు కళ్ళ ముందు కదిలింది. 

మరుక్షణం కూతురు బోర్డు లేకుండా సముద్రంలో ఉందన్న సంగతి గుర్తొచ్చింది. "అబీ! నా బిడ్డ!" అని ప్యాంటుతో సహా నీళ్ళలోకి ఉరికాడు. పరిగెత్తుకొచ్చిన మునెయ్య ఆయన నడుం పట్టుకుని ఆపాడు. "యాడికి సామీ? అమ్మణ్ణి బాగానే ఉండాది. అదిగో చూడు."

నిజమే. అబిగయీలు నీళ్ళలో పడుకుని, గాలిపటం లాగుతుంటే తీరిగ్గా ఒడ్డుకు వస్తోంది. వచ్చి, గాలిపటాన్ని మునెయ్యకు దింపి ఇచ్చి, ముందు ఆఫీసరు దగ్గరికే పరిగెత్తింది. "సార్, దెబ్బ తగిలిందా?"

"హెల్మెట్టు గీసుకోనింది గానీ నాకేం కాలేదమ్మా." పద్మనాభయ్య నోట్లో ఇసుక ఉమ్మేశాడు. "తాడు కడితే ఎంత ప్రమాదమో చూపించేదానికి ఈ డెమో పెట్టినారు గదా? బాగుండాది. కాకపోతే నాకు ముందే చెప్పుంటే చెప్పులు ఒడ్డునే విడిచి ఉందును."

దేవుడిచ్చిన దారి అది. అవును సార్ అంటే చాలు, అనుమతి వచ్చేస్తుంది, కూతురు ఇంట్లోనే ఉంటుంది. ఎస్తేరమ్మ కూడా విషయం గ్రహించి భర్త వైపు 'అవుననవయ్యా' అన్నట్టు చూసింది. అబిగయీలు ట్యూబు చేతిలోకి తీసుకుని తండ్రిని చూసింది. 

ఆనందబాబు ముందుకొచ్చాడు. "డెమో కాదు సార్. తప్పు నాది. నా బిడ్డకు కట్టబోయి మీకు కట్టినాను. అది వద్దని వంద సార్లు చెప్పింది. నేనే దొంగతనంగా తెచ్చినాను. ఆ పిల్ల తప్పు అణువంత కూడా లేదు."

"ఎందుకు చేసినారు?"

"దానికి ఆరేళ్ళప్పుడు నెల్లూరులో క్రిస్మస్ బట్టలకు తీసకపోతే జనంలో తప్పిపోయింది సార్. నలభై నిమిషాలకు దొరికింది. ఆ నలభై నిమిషాలు నాకు ఇంకా అయిపోలా." ఆయన తడి ముఖాన్ని అరచేత్తో తుడుచుకున్నాడు. "అప్పటిదాకా ఆఫీసులో పెన్నులే కట్టేవాణ్ణి, ఆ రోజు నుంచి ఏది చూసినా కట్టెయ్యాలనిపిస్తాది. పెన్నులు గాదు సార్, బోర్డు గాదు. బిడ్డ పోతాదేమోనని భయం."

 ఎస్తేరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అబిగయీలు వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. "బోర్డు పోతే పోనీ నాన్నా. నేను వస్తా గదా."

పద్మనాభయ్య చొక్కా అంచు పిండుకున్నాడు. "సంగంలో మా నాయన నాకు మొదట నేర్పింది ఇదే అయ్యా. ఎద్దు పగ్గం చేత్తో పట్టుకోరా, చేతికి చుట్టుకోబాక అనేవాడు. బెదిరిన ఎద్దును వదిలేస్తే పొద్దుగూకేసరికి అదే ఇంటికొస్తాది. చుట్టుకున్నోడు మాత్రం రాడు." అబిగయీలు వైపు తిరిగాడు. "తాడు లేకుండా బోర్డును ఎట్టా తెచ్చుకుంటావో చూపియ్యమ్మా. నేను చూడాల్సింది అదే. కొబ్బరికాయంటావా, అది శుభంగానే పగిలిందిలే."

మళ్ళీ గాలిపటం సిద్ధమైంది. "నాన్నా, ప్రార్థన?" అంది అబిగయీలు. ఆనందబాబు రెండు చేతులూ అందరికీ కనబడేలా ముందుకు చాచాడు. "ప్రభువా, నీ చేతికిస్తా ఉన్నా. ఆమేన్." ఆయన జీవితంలో ఇంత చిన్న ప్రార్థన ఎస్తేరమ్మ ఎప్పుడూ వినలేదు.

ఈసారి మునెయ్య బొటనవేలు చూశాకే వదిలాడు. అబిగయీలు దూరంగా పోయి, కావాలనే బోర్డు వదిలేసి నీళ్ళలో పడింది. బోర్డు ఒక పక్క, మనిషి ఒక పక్క. ఆనందబాబు వేళ్ళు పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని గాలిలో వెతికి, చివరికి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆ పిల్ల గాలిపటాన్ని తలపైన ఒక పక్కకు వాల్చి, ఒక చెయ్యి నీళ్ళలో చాచి ఎడమకు పోయింది. మళ్ళీ కుడికి మళ్ళింది. మళ్ళీ ఎడమకు. ఒక్కో మలుపుకూ బోర్డు దగ్గరపడుతోంది. నాలుగో మలుపులో చెయ్యి వేసి అందుకుంది. కాళ్ళు దూర్చి లేచి నిలబడి, ఒడ్డు వైపు చెయ్యి ఊపింది. ఆనందబాబు ఏడుస్తూ చప్పట్లు కొట్టాడు. పద్మనాభయ్య చెప్పుల్లేని కాళ్ళతో ఇసుకలో నిలబడి ఆయనకన్నా గట్టిగా కొట్టాడు.

నెల తిరక్కుండా అనుమతి కాగితం వచ్చింది. మొదటి షరతు, ఈ కేంద్రంలో ఎవరూ బోర్డుకు తాడు కట్టరాదు. రెండో షరతు, దాన్ని తనిఖీ చెయ్యడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో పద్మనాభయ్యే ఫోనులో చెప్పాడు. "మీ నాన్నను పెట్టమ్మా. తాడు యాడ దాచిపెడతారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవురికీ తెలీదు." అప్పటి నుంచి ఆనందబాబు నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళ సంచులు, బెల్టులు, చివరికి పెరుగన్నం క్యారేజీలు కూడా విప్పి చూస్తున్నాడు. ఇంట్లో చెంబు దారం ఎస్తేరమ్మే కోసేసింది. ఆయన చూసి ఊరుకున్నాడు.

కేంద్రం తెరిచిన రోజు పాక కింద బల్ల మీద కొత్త రిజిస్టరు పెట్టి, పక్కన పెన్ను పెట్టాడు. అలవాటు కొద్దీ జేబులోంచి దారపు ఉండ బయటికి వచ్చింది. కూతురు చూస్తోంది. ఆయన ఒక నవ్వు నవ్వి ఉండను మళ్ళీ జేబులోనే పెట్టేసుకున్నాడు. ముఖ్య అతిథి పద్మనాభయ్య వచ్చి మొట్టమొదటి సంతకం చేసి, ఏర్పాట్లన్నీ అద్భుతంగా ఉన్నాయని మెచ్చుకుని, ఆ పెన్ను తన జేబులో పెట్టుకుని జీపెక్కి వెళ్ళిపోయాడు.